దీపాలదిన్నె బొమ్మలు: ఎంతవరకు నమ్మవచ్చు?

హైదరాబాద్ ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది. దేశాన్ని కొలిచి పటాలు గీసే ఆ శాఖకు మొట్టమొదటి సర్వేయర్ జనరల్ కర్నల్ కాలిన్ మెకంజీ. 1815లో ఆ పదవిలోకి రాకముందు, 1790ల్లోనే, ఆయన నిజాం రాజ్యంలో సర్వే పని చేశాడు. తెలుగువారికి మాత్రం మెకంజీ అనగానే ఊరూరి చరిత్రను నమోదు చేసిన కైఫియత్తులే గుర్తొస్తాయి. ఆయన బృందం చేసిన మరో పని మీద మన దగ్గర జరిగిన చర్చ తక్కువ. కృష్ణ ఒడ్డున అమరావతిలో మట్టిదిబ్బగా మిగిలిన బౌద్ధ మహాచైత్యాన్ని, దాని ప్రదక్షిణ ప్రాంగణాన్ని, అక్కడ బయటపడిన శిల్ప ఫలకాలను ఆ బృందం 1816 నుంచి సిరాతోనూ నీటిరంగులతోనూ కాగితం మీదకు ఎక్కించింది. వాటిలో 85 బొమ్మలున్న ఆల్బమ్ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఆ బొమ్మల చుట్టూ అల్లుకున్న వాదాలు ఇప్పుడు బాగా చిక్కుపడ్డాయి. పోయిన స్తూపానికి అవే నికరమైన సాక్ష్యమని కొందరు, అది ఈస్టిండియా కంపెనీ అధికారుల చూపు మాత్రమేనని కొందరు, ఆ పనిలో స్థానికుల వాటా తేలకుండా ఏ మాటా చెప్పలేమని మరికొందరు అంటున్నారు. ఈ ముగ్గురూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నట్టు పైకి కనిపిస్తుంది. నిజానికి ముగ్గురి ప్రశ్నలూ వేరు. వాటిని విడదీసి చూస్తేగాని ఏది తేలింది, ఏది తేలలేదు అన్నది తెలియదు.

దిబ్బ నుంచి ఆల్బమ్ దాకా

అమరావతి పాత పేరైన ధాన్యకటకంలో బౌద్ధం చాలాకాలమే నిలిచింది. 1344 నాటి శ్రీలంక గడలదెణియ శాసనం ధర్మకీర్తి అనే స్థవిరుడు ఇక్కడి ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని చెబుతుంది. ఆ తరువాత స్తూపం మెల్లగా మట్టిలో కలిసి, చుట్టుపక్కల జనానికి దీపాలదిన్నెగా మిగిలింది. 1790ల్లో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన నివాసాన్ని అమరావతికి మార్చి కొత్త ఊరు కట్టించాడు. ఇటుకకూ రాయికీ జనం దిబ్బను తవ్వారు. తవ్వకంలో చెక్కిన రాళ్లు బయటపడ్డాయన్న కబురు 1797లో మెకంజీకి చేరింది. ఆ మరుసటి ఏడాది ఆయన వచ్చి చూశాడు. చూసిందాన్ని ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ తొమ్మిదో సంపుటంలో 1807లో ప్రచురించాడు.

1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ భాగాన్ని తవ్వేసి చెరువు చేశారు. ఈసారి మెకంజీ తన చిత్తరువుకారులను అక్కడ ఉంచాడు. 1818 దాకా పని సాగింది. హెన్రీ హామిల్టన్, జాన్ న్యూమన్, థామస్ ఆండర్సన్ వంటివారు ఫలకాలను ఒక్కొక్కటిగా గీశారు. కొన్ని బొమ్మల మీద గీసినవారి పేరు, తేదీ, రాయి కనిపించిన చోటు కూడా ఉన్నాయి. మూడు ప్రతులు తయారు చేయించి కలకత్తాకు, మద్రాసుకు, లండన్‌కు ఒక్కొక్కటి పంపాలన్నది ఏర్పాటు. ఇప్పటి పరిశోధన ప్రధానంగా లండన్ ప్రతి మీద ఆధారపడి నడుస్తోంది.

రాళ్ల కథ వేరే దారి పట్టింది. కొన్ని మచిలీపట్నం చేరి అక్కడి రాబర్ట్‌సన్ పేట కూడలికి అలంకారమయ్యాయి. కొన్ని కలకత్తాకు వెళ్లాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకు వెళ్లి, 1859లో ఓడెక్కి లండన్ చేరి, 1880లో బ్రిటిష్ మ్యూజియం పాలయ్యాయి. 1877లో రాబర్ట్ సీవెల్ తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ ప్రభువు ఆదేశంతో దిబ్బను మొత్తంగా తవ్వించి శుభ్రం చేశారు. 1881-82లో జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి మిగిలింది గుంటా, దాని చుట్టూ రాళ్లూ.

సినాయ్ మఠం, కృష్ణ ఒడ్డు

ఈ బొమ్మలు ఎలాంటివో తెలియాలంటే ఆ కాలపు మరో రకం చిత్రాలతో పోల్చాలి. ఆ శతాబ్దంలో పాత మఠాలను నీటిరంగుల్లో గీయడం యూరప్ చిత్రకారులకు పెద్ద మోజు. స్కాట్లండ్ చిత్రకారుడు డేవిడ్ రాబర్ట్స్ 1839 ఫిబ్రవరిలో సినాయ్ ఎడారిలోని సెయింట్ కేథరీన్ మఠానికి వెళ్లి గీసిన బొమ్మలు తరువాత లిథోగ్రాఫులుగా ఇంటింటికీ చేరాయి. జాన్ ఫ్రెడరిక్ లూయిస్ 1842 నాటి సినాయ్ ప్రయాణాన్ని ఆధారం చేసుకుని 1856లో ప్రదర్శించిన నీటిరంగుల చిత్రం లండన్‌లో పెద్ద పేరు తెచ్చుకుంది. కొండనీడ, ఎండ, ఒంటెలు, ముందుభాగంలో నాలుగు మనుషుల బొమ్మలు: చూసేవాడిని అక్కడికి తీసుకుపోవడమే ఆ చిత్రాల పని. మన దేశంలో చిత్రకారులు థామస్, విలియం డేనియల్‌లు చేసింది కూడా ఈ కోవలోనిదే.

అమరావతి బొమ్మల తీరు వేరు. వాటిలో చాలావరకు ఆకాశం లేదు, చెట్టు లేదు, వింత చూసే ప్రయాణికుడు లేడు. తెల్ల కాగితం మీద ఒక్క రాయి, దాని విరిగిన అంచు, బూడిదరంగు పూతతో చూపిన లోతు. సర్వే శాఖ మనుషులు నేలను గీసినట్టే రాయినీ గీశారు.

ఈ రెండింటి మధ్య ఇంతకన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటి ఉంది. సినాయ్ మఠం నేటికీ నిలిచి ఉంది. రాబర్ట్స్ గోడను ఎత్తుగా గీశాడా, వాకిలిని విశాలం చేశాడా అని అనుమానం వస్తే వెళ్లి సరిచూసుకోవచ్చు. అమరావతిలో బొమ్మ ఉంది, చోటు ఉంది, మధ్యన ఉండాల్సిన కట్టడం లేదు. అందుకే అక్కడ చిత్రకారుడి స్వేచ్ఛ గురించి సరదాగా సాగే చర్చ ఇక్కడ సాక్ష్యం విలువ గురించిన తగువు అయింది.

మొదటి వాదం: కొలత తప్పని బొమ్మ

ఈ వాదానికి పెద్దదిక్కు జేమ్స్ ఫెర్గూసన్. లండన్ గోదాములో పడి ఉన్న ఇలియట్ రాళ్లను 1860ల్లో ఫొటోలు తీయించి, మెకంజీ బొమ్మలతో కలిపి 1868లో ‘ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్’ ప్రచురించాడు. ఆ బొమ్మల కచ్చితత్వాన్నీ పనితనాన్నీ ఆయన ఆకాశానికెత్తాడు. తరువాతి కాలంలో మిల్‌డ్రెడ్ ఆర్చర్ ఇండియా ఆఫీస్ లైబ్రరీ చిత్రాలకు జాబితా తయారుచేయడంతో వాటిని వెతికి చూడటం సులువైంది. 1992లో రాబర్ట్ నాక్స్ బ్రిటిష్ మ్యూజియం శిల్పాల మీద గ్రంథం రాసినప్పుడు కూడా ఆ బొమ్మలను దస్తావేజుగానే వాడుకున్నాడు.

ఈ పక్షానికి గట్టి ఆధారం పోలిక. బొమ్మలోనూ రాయిలోనూ రెండుచోట్లా మిగిలిన ఫలకాలను పక్కపక్కన పెడితే గీతలు చాలావరకు సరిపోతాయి. చిత్తరువుకారుడు విరిగిన చోట విరిగినట్టే వదిలేశాడు, సొంతంగా పూరించలేదు. రెండో ఆధారం కాస్త విచిత్రమైనది. ఆ కట్టడం బౌద్ధులదని గీసినవారికి తెలియదు. మెకంజీ దాన్ని జైనులకు సంబంధించినదిగా అనుకున్నాడు. బ్రాహ్మీ లిపిని జేమ్స్ ప్రిన్సెప్ 1837లో చదివేదాకా ఆ రాళ్ల మీది అక్షరాలు కూడా ఎవరికీ అందలేదు. ఏ జాతక కథ చెక్కారో తెలియనివాడు కథకు తగ్గట్టు బొమ్మను సవరించలేడు కదా అన్నది వీరి తర్కం.

దీనికి ఎదురుతర్కమూ ఉంది. తెలియనివాడు ముఖ్యమైనదేదో గుర్తుపట్టక వదిలేసే ప్రమాదం కూడా అంతే ఉంటుంది. అమరావతి కళలో తొలిదశలో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపరు. ఖాళీ ఆసనం, బోధివృక్షం, పాదముద్రలే ఆయన ఉనికి. ఆసనం మీద ఎవరూ లేకపోవడమే ఆ దృశ్యానికి ప్రాణమని తెలియనివాడికి అది అరిగిపోయిన చోటులా కనిపించవచ్చు.

ఇంకో చిక్కు రాయి వెనకవైపుది. అమరావతిలో పాత ఫలకాలను తిప్పి రెండోవైపు చెక్కడం ఉండేది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక ప్రసిద్ధ ఫలకానికి ఒకవైపు ఖాళీ ఆసనాన్ని కొలుస్తున్న భక్తులు, రెండోవైపు కొన్ని శతాబ్దాల తరువాత చెక్కిన స్తూపం బొమ్మ ఉన్నాయి. రెండో దానిలో గుమ్మటంలాంటి అండం, ఆయక స్తంభాలు, చుట్టూ రాతి కంచెలాంటి వేదిక, సింహాలు అన్నీ కనిపిస్తాయి. మహాచైత్యం ఎలా ఉండేదో మనం ఊహించుకునేది ఇలాంటి ఫలకాలను చూసే. ఒకే రాయిలో రెండు యుగాలున్నాయని ఆ రాయి చుట్టూ తిరిగితే తెలుస్తుంది. కాగితానికి వెనకవైపు ఉండదు.

కచ్చితమైన బొమ్మను కూడా తప్పుగా చదవవచ్చు. స్తూపానికి బయటి వేదిక కాక లోపల మరో వేదిక ఉండేదని ఫెర్గూసన్ తేల్చాడు. ఆ లోపలి వేదిక అనుకున్నవి స్తూపం అడుగుభాగానికి తొడిగిన ఫలకాలేనని బర్జెస్ తన 1887 గ్రంథం నాటికి స్పష్టం చేశాడు. అక్కడ గీత తప్పు కాదు. ఏ రాయి ఎక్కడిదో తెలియకపోవడమే తప్పుకు దారితీసింది.

రెండో వాదం: ఎవరి చూపు?

1978లో ఎడ్వర్డ్ సయీద్ ‘ఓరియంటలిజం’ వచ్చాక తూర్పుదేశాల మీద యూరప్ గీసిన ప్రతి బొమ్మా బోను ఎక్కింది. 1983లో లిండా నాక్లిన్ ఆ విమర్శను నేరుగా చిత్రకళకు వర్తింపజేసింది. పాడుబడ్డ గోడలు, సోమరి మనుషులు, కాలం ఆగిపోయిన ఊళ్లు: ఇలా గీయడం వెనుక ఈ దేశాలు తమను తాము చూసుకోలేవన్న తీర్మానం ఉందన్నది ఆమె వాదన. నికొలస్ డర్క్స్ 2001లో ‘కాస్ట్స్ ఆఫ్ మైండ్’లో మెకంజీ సేకరణను కంపెనీ పాలన జ్ఞానాన్ని కూడగట్టుకున్న తీరులో భాగంగా చదివాడు. ఆ కాగితాల్లోని స్థానికుల గొంతు క్రమంగా ఎలా మరుగున పడిందో చూపాడు.

అమరావతి విషయంలో ఈ వాదానికి తగిన బలం ఉంది. సర్వే అంటే పన్నుకూ సైన్యానికీ కావాల్సిన పని. స్తూపాన్ని ఫలకాలుగా విడదీసి, ఒక్కొక్క కాగితం మీద ఒక్కొక్క రాయిగా గీసిన పద్ధతే ఆ తరువాత రాళ్లను విడివిడిగా పెట్టెల్లో కట్టి పంపడానికి మనసులను సిద్ధం చేసిందని కూడా అనవచ్చు. ఉపీందర్ సింగ్ 2001లో మహాచైత్యం ముక్కలైన కథను 1797 నుంచి 1886 దాకా వరుసగా రాసినప్పుడు తేలింది ఇది: సేకరణ, రక్షణ, విధ్వంసం ఆ తొంభై ఏళ్లలో చాలాసార్లు ఒకే చేతుల మీదుగా నడిచాయి.

ఐతే ఈ విమర్శ సినాయ్ బొమ్మలకు సరిపోయినంత సూటిగా ఇక్కడ సరిపోదు. నాక్లిన్ తప్పుపట్టినది వాతావరణాన్ని కల్పించడాన్ని. అమరావతి ఫలకాల బొమ్మల్లో వాతావరణమే లేదు. ఇక రాళ్లు చెదిరిపోవడం కంపెనీ బొమ్మలతో మొదలుకాలేదు. మెకంజీ రెండోసారి వచ్చేనాటికే చెక్కిన రాళ్లు శివగంగ చెరువు మెట్లలోకి, గుళ్ల మరమ్మతుల్లోకి పోయాయి. పల్నాటి సున్నపురాయి కాబట్టి కొన్ని బట్టీల్లో కాలి సున్నమయ్యాయి. జమీందారును ఒక్కణ్ణే దోషిగా నిలబెట్టిన పాత వలస కథనం ఎంత ఏకపక్షమో, తెల్లదొరలే అంతా చేశారన్నదీ అంతే ఏకపక్షం. 1880 నాటి తవ్వకంలో జరిగిన నష్టాన్ని విమర్శించినవారిలో బర్జెస్ కూడా ఉన్నాడు.

మూడో వాదం: చేతులు ఎవరివి?

మద్రాసులో 1816లో థామస్ హికీ గీసిన మెకంజీ తైలవర్ణ చిత్రం ఈ వాదానికి మంచి ప్రవేశద్వారం. నడుమ ఎర్రకోటుతో మెకంజీ. చుట్టూ ముగ్గురు భారతీయులు. ఒకరి చేతిలో తాటాకులు, ఒకరి చేతిలో దుర్భిణి. వారిని జైన పండితుడు ధర్మయ్య, బంట్రోతు కృష్ణాజీ, కావలి వెంకట లక్ష్మయ్యగా గుర్తిస్తారు. అమరావతి బొమ్మల పని మొదలైన ఏడాదే ఈ చిత్రం కూడా తయారైంది. మెకంజీ తన సహాయకులను తన పక్కనే నిలబెట్టుకున్నాడన్నది నిజం. వెలుగంతా ఎర్రకోటు మీదే పడిందన్నదీ నిజమే.

ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి లేకుండా మెకంజీ సేకరణ లేదు. ఫిలిప్ వాగనర్ 2003లో ఈ విషయాన్ని మరింత ముందుకు తీసుకెళ్లాడు. నియోగి బ్రాహ్మణుల లెక్కల, దస్తావేజుల అనుభవమే శాసనాలను చరిత్రకు ఆధారంగా వాడే పద్ధతిని రూపొందించడంలో తోడ్పడిందని వాదించాడు. రమాసుందరి మంతెన 2012లో వచ్చిన పుస్తకంలో ఈ సహకారాన్నీ, అది ఎక్కడ తెగిపోయిందో కూడా వివరించింది. మెకంజీ 1821లో పోయాక ఆ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొస్తే, 1830ల్లో ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఆయన దానికి తగడని తేల్చారు.

బొమ్మల దగ్గరికొస్తే ఈ వాదం కాస్త జాగ్రత్తపడాలి. కావలి సోదరులు ప్రధానంగా భాష, శాసనం, కైఫియత్తు మనుషులు. కుంచె పట్టినవారు వేరు. జెన్నిఫర్ హౌస్ 2010లో మెకంజీ చిత్రాల మీద రాసిన గ్రంథం ఆ చిత్తరువుకారులను పేరుపేరునా వెలికి తెచ్చింది. మద్రాసు సర్వే బడి 1794లో అనాథాశ్రమం పిల్లలతో మొదలైంది. మెకంజీ కింద పనిచేసిన పలువురు సహాయకులు ఆ బడిలో గొలుసు పట్టడం, గీత గీయడం నేర్చినవారే. ఇంగ్లీషు పేర్లున్నాయని వారందరినీ ఇంగ్లండ్ దొరలుగా లెక్కవేస్తే పొరపాటు. అలాగని వారిని స్థానిక కళాకారులని మురిసిపోవడమూ తొందరపాటే. దిబ్బ తవ్వి, రాయి తిప్పి, మట్టి కడిగి చిత్తరువుకారుడి ముందు నిలబెట్టిన కూలీల పేర్లు మాత్రం ఆ బొమ్మల మీద కనిపించవు.

పక్కపక్కన పెడితే

మూడు వాదాల సారాంశం ఇది.

- దస్తావేజు పక్షం అడిగేది: బొమ్మ రాయికి సరిపోతుందా? బలం: నేరుగా పోల్చి చూడగలగడం. బలహీనత: రాయి స్థానం, వెనకవైపు, కాలదశ వంటివి బొమ్మ ఒక్కటే చెప్పలేదు.
- వలస విమర్శ పక్షం అడిగేది: ఈ బొమ్మ ఎవరి అవసరం తీర్చింది? బలం: చిత్రించడానికీ తరలించడానికీ మధ్య ఉన్న బంధాన్ని చూపడం. బలహీనత: కల్పన నిండిన దృశ్యానికీ కొలిచి గీసిన ఫలకానికీ తేడా చూపకపోవడం.
- సహకార పక్షం అడిగేది: ఈ పని ఎవరు చేశారు? బలం: మరుగునపడ్డ మనుషులను ముందుకు తేవడం. బలహీనత: కైఫియత్తులకు సరిపోయే జవాబును బొమ్మలకూ అంటగట్టే తొందర.

మొదటి ప్రశ్నకు అవునని చెప్పినంత మాత్రాన రెండోదానికి జవాబు మారదు. కంపెనీ అవసరం కోసం గీసిన బొమ్మ కచ్చితంగా ఉండవచ్చు. స్థానికుడి చేయి పడ్డ బొమ్మలో పొరపాటు ఉండవచ్చు. వాదం చిక్కుపడింది ఇక్కడే.

ఆల్బమ్‌లోని బొమ్మలన్నీ ఒకే రకం కావన్నది కూడా తరచూ మరిచిపోతారు. 1817 నాటి దీపాలదిన్నె నక్షాలో గుండ్రని దిబ్బ, నడుమ చెరువు గుంట, చుట్టూ అప్పటికి కనిపించిన రాళ్లు ఉన్నాయి. ఇలియట్ తవ్వకానికి సరైన నమోదు లేదు. 1880 తరువాత రాళ్లు ఉన్న చోటే మారిపోయింది. కాబట్టి స్థానాల విషయంలో ఈ నక్షాతో సమానమైన ఆధారం తరువాతి కాలంలో దొరకడం కష్టం. ఫలకం బొమ్మ ఆకారానికి సాక్ష్యం, నక్షా స్థానానికి సాక్ష్యం. ఒకదాని విశ్వసనీయతను రెండోదానికి అరువివ్వకూడదు.

ఇంకా తేలనివి

మొదటిది, బొమ్మకు జతపడని రాళ్లు, రాయికి జతపడని బొమ్మలు. చెన్నై, లండన్, కోల్‌కతా, అమరావతి మ్యూజియంలలో ఉన్నవాటితో ఆల్బమ్‌ను సరిపోల్చే పని సి. శివరామమూర్తి 1942లో మద్రాసు శిల్పాల మీద, డగ్లస్ బారెట్ 1954లో లండన్ శిల్పాల మీద రాసిన గ్రంథాల నుంచి సాగుతూనే ఉంది. బొమ్మలో మాత్రమే మిగిలిన ఫలకాలను కూడా కట్టడం లెక్కలో చేర్చవచ్చా అన్నది పండితుల మధ్య తెగలేదు.

రెండోది, కాలనిర్ణయం. 1958-59లోను, 1973-75లోను జరిగిన పురావస్తు తవ్వకాలు స్తూపం ఆరంభాన్ని మౌర్యుల కాలం దిశగా వెనక్కి జరిపాయి. అకిరా షిమాద 2013లో మహాచైత్యం దశలను మళ్లీ లెక్కగట్టాడు. పాత శైలి ఫలకాల బొమ్మలను ఏ దశకు చేర్చాలన్నది ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది.

మూడోది, రంగు. బొమ్మల్లోని బూడిదరంగు పూత నాటి రాయి రంగు మాత్రమే. ఆ రాళ్ల మీద ఒకప్పుడు సున్నపు పూత, వర్ణాలు ఉండేవా అన్న ప్రశ్నకు నీటిరంగుల చిత్రం నుంచి జవాబు రాదు. రాయిని ప్రయోగశాలలో పరీక్షించాల్సిందే.

నాలుగోది, యాజమాన్యం. రాళ్లను తిరిగి ఇవ్వాలన్న డిమాండ్ మనకు తెలిసిందే. బొమ్మల గురించి అడిగేవారు తక్కువ. డిజిటల్ ప్రతులుంటే చాలునని ఒక వాదం. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి దాని డిజిటల్ నిధులు నెలల తరబడి జనానికి అందకుండా పోయాక ఆ వాదం బలహీనపడింది. ఒకే సర్వేలో పుట్టిన తెలుగు కైఫియత్తులు చెన్నై ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో, బొమ్మలు లండన్‌లో ఉండటం కూడా పరిశోధనకు పెద్ద అడ్డంకి. కైఫియత్తులు చదివేవారు బొమ్మలు చూడరు, బొమ్మలు చూసేవారికి తెలుగు రాదు.

ఇప్పటివరకు తేలినదాన్ని బట్టి ఒక మాట చెప్పవచ్చు. రాయి మిగిలిన చోట బొమ్మను రాయితో పరీక్షించాలి. ఆ పరీక్షలో నెగ్గిన చిత్తరువుకారుడి మిగతా బొమ్మలను, రాయి లేని చోట, ఆ మేరకే నమ్మాలి. అంటే ఆల్బమ్‌కు మొత్తంగా ఒకే మార్కు వేయడం మాని హామిల్టన్‌కు వేరుగా, న్యూమన్‌కు వేరుగా, నక్షాకు వేరుగా వేయాలి. అందుకు 85 బొమ్మల ప్రతులు, మిగిలిన రాళ్ల కొలతలు, గుంటూరు ప్రాంతపు కైఫియత్తులు ఒకేచోట తెలుగులో అందుబాటులోకి రావాలి. బొమ్మ గీతను పట్టుకోవడం తెలిసిన సర్వేయరు, శిల్పం చదవగలిగిన చరిత్రకారుడు కలిసి చేయాల్సిన పని ఇది. మొదటివారికి శిక్షణ ఇచ్చే సంస్థ ఉప్పల్‌లోనే ఉంది. అమరావతి శిల్పం మీద పనిచేసేవారు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. లేనిదల్లా వీరిద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే ఏర్పాటు.